నాజిల్ టక్కుమన్నాక ఒక్క చుక్క కూడా వద్దు

అండమాన్ నికోబార్ పౌర సరఫరాలు, వినియోగదారుల వ్యవహారాల సంచాలకులు గారికి,

ఈ ఉత్తరం మీ పేరనే రాస్తున్నాను. అయితే బంకుల యజమానులు, నాజిల్ పట్టుకునే కుర్రాళ్లు, మాలాగా రోజూ బండి తోలేవాళ్లు కూడా చదవాలని పత్రిక ద్వారా పంపుతున్నాను.

అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. మన దీవుల్లోని ఏ పెట్రోల్ బంకులోనైనా, నాజిల్ తనంతట తాను ఆగిపోయాక ఇంకొక్క చుక్క కూడా పోయకూడదని ఆదేశాలు ఇప్పించండి. ఆ మాట అందరికీ కనబడేలా బోర్డు మీద రాయించండి. హిందీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగులోనూ రాయించండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే తరాలుగా స్థిరపడ్డవాళ్లు. ఆటోలు, జీపులు, చేపల బోట్లు నడుపుకొని బతికేవాళ్లు వీళ్లలో చాలామందే ఉన్నారు.

బంకులో జరిగే తంతు మీకూ తెలిసిందే. ఏ బంకనీ పేరు పెట్టి చెప్పను. 'ఫుల్ చెయ్యి' అంటాం. కాసేపటికి నాజిల్ టక్కుమని ఆగుతుంది. మీటరు మీద 437 రూపాయలుంటుంది. 'రౌండు చేసేస్తా సార్, 450' అంటాడు కుర్రాడు. సరేనంటాం. అతను నాజిల్ కాస్త పైకెత్తి, మీట నెమ్మదిగా నొక్కుతూ మళ్లీ పోస్తాడు. మళ్లీ టక్. అప్పుడు బండిని అటూ ఇటూ ఊపుతాడు, లోపల బుడగలు పోయి ఇంకాస్త చోటవుతుంది. పెట్రోలు మెడ దాకా వచ్చి మెరుస్తూ కనిపిస్తే గానీ మనకూ తృప్తి ఉండదు. చిల్లర వెతుక్కునే పని తప్పిందని అతనికి సంతోషం, ట్యాంకు నిజంగా నిండిందని మనకు సంతోషం. నష్టం మాత్రం ఇంటికి వచ్చాక, నెలల మీద, నెమ్మదిగా బయటపడుతుంది.

నాజిల్ ఎందుకు ఆగుతుందో తెలిస్తే ఎవరూ ఈ పని చేయరు. నాజిల్ గొట్టం చివర బఠాణీ గింజ కూడా పట్టనంత సన్నని రంధ్రం ఒకటుంటుంది. పెట్రోలు పడుతున్నంతసేపూ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి లాగబడుతూ ఉంటుంది. ట్యాంకులో మట్టం పెరిగి రంధ్రాన్ని మూసేసిన క్షణంలో గాలి ఆగిపోతుంది, లోపలి పొర ఒకటి బిగుసుకుని మీటను వదిలించేస్తుంది. ఇందులో కరెంటు లేదు, కంప్యూటరు లేదు. ఉన్నదల్లా గాలి ఒత్తిడి. ట్యాంకులో ఎంత చోటు వదలాలో బండి చేసినవాళ్లు లెక్కవేసి, నాజిల్ అక్కడ ఆగేలా మెడను తీర్చిదిద్దారు. ఆ ఖాళీ దండగ చోటు కాదు. పెట్రోలు డిగ్రీ వేడికి సుమారు వెయ్యో వంతు ఉబ్బుతుంది. భూమిలోపలి ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన 10 లీటర్లు ఎండలో నిలబెట్టిన మోటార్‌సైకిల్ ట్యాంకులో 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 150 మిల్లీలీటర్లు పెరుగుతాయి. ఆ పెరిగినదానికి ఎక్కడో చోటు కావాలి కదా. మనం మెడ దాకా నింపేస్తే అది వెళ్లకూడని దారిన వెళుతుంది.

ఆ దారి ఎక్కడికి పోతుందో దగ్గరగా చూశాను కాబట్టే ఇంత పట్టుదలగా రాస్తున్నాను. మా బావగారికి గారాచరమ వైపు చిన్న మెకానిక్ షెడ్డుంది. సాయంత్రాలు అక్కడ కూర్చోవడం నాకు అలవాటు. పెట్రోలు పట్టించిన వెంటనే స్టార్టు అవ్వదు, రెండుమూడు కిక్కులకు దగ్గి అంటుకుంటుంది, పెట్రోలు వాసన వస్తుంది, మైలేజీ పడిపోయింది, ప్లగ్గు మార్చినా లాభం లేదు. ఇలాంటి బండి వస్తే ఆయన ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: 'ఫుల్ కొట్టించేటప్పుడు ఎక్కడ దాకా కొట్టిస్తావు తమ్ముడూ?' తరువాత సీటు తీసి, నల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి విప్పి బయట పెడతాడు. దాని పేరు క్యానిస్టర్. లోపలంతా ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు రవ్వలు. ట్యాంకులోంచి లేచే ఆవిరిని ఆ బొగ్గు పీల్చి పట్టి ఉంచుతుంది, ఇంజను నడిచేటప్పుడు దాన్ని కొద్దికొద్దిగా లోపలికి వదులుతుంది. పెట్రోలు ఆవిరి గాలిలో కలవకుండా చేసిన ఏర్పాటది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమలైన బీఎస్-6 పెట్రోలు బండి ఏది తీసుకున్నా ఇది ఉంటుంది. డబ్బా ఆవిరి కోసం పుట్టింది, ద్రవం కోసం కాదు. మెడ దాకా పోసిన పెట్రోలు గొట్టం వెంట అందులోకి చేరితే బొగ్గు తడిసి ముద్దవుతుంది. ఒకసారి ఆయన అలాంటి డబ్బా తలకిందులు చేస్తే ఇనప పళ్లెంలోకి ముందు పెట్రోలు కారింది, వెంట నల్లటి నుసి రాలింది. ఆ నుసి వాల్వులో ఇరుక్కుంటే వాల్వు మూసుకోదు. ఇంజను అడగని పెట్రోలు దానికి అందుతూనే ఉంటుంది. కొసరుగా పోయించుకున్న 13 రూపాయల పెట్రోలు బొగ్గులో ఇంకిపోవడమే కాదు, డబ్బా కూడా కొత్తది కొనుక్కోవాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక పుకారును విడదీసి చెప్పాలి. వేసవి రాగానే 'ట్యాంకు ఫుల్ చేస్తే పేలిపోతుంది, సగమే పోయించుకోండి, ఇండియన్ ఆయిల్ హెచ్చరిక' అని ఫోన్లలో ఒక సందేశం తిరుగుతుంది. అది ఇండియన్ ఆయిల్ ఇచ్చిన హెచ్చరిక కాదు. తయారీదారు చెప్పిన గరిష్ఠ మట్టం దాకా ఏ కాలంలోనైనా నిర్భయంగా నింపుకోవచ్చని ఆ సంస్థే 2022లో బహిరంగంగా ఖండించింది. నేను చెబుతున్నదీ అదే గీత గురించి. ఆ గీత దాకా నింపండి, తప్పులేదు. గీత దాటించకండి. ఆ గీత ఎక్కడుందో మనకు చెప్పేది ఆ మొదటి 'టక్'.

ఫుల్ చేయించుకునేవాళ్లది ఒక అతి. మన దగ్గర ఇంకో అతి ఉంది, పేదరికం వల్ల కొంత, అలవాటు వల్ల కొంత. వంద, నూటయాభై చొప్పున పోయించుకుంటూ ముల్లు ఎప్పుడూ ఎర్ర గీత దగ్గరే పెట్టి తిరగడం. ఆటో నడిపే అన్నదమ్ములకు ఆ పూట రాబడిలోంచే ఆ పూట పెట్రోలు రావాలి, వాళ్లను తప్పుపట్టను. జీతాలు అందుకునేవాళ్లు కూడా రిజర్వు పడ్డాకే బంకు వైపు తిరగడం మాత్రం బండికి చేటు. ఇప్పటి బళ్లలో ఫ్యూయల్ పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. దాని వేడిని లాగేది చుట్టూ ఉన్న పెట్రోలే. మట్టం అట్టడుక్కి పోతే పంపు వేడెక్కుతుంది, మన ఎత్తుపల్లాల రోడ్ల మీద పెట్రోలు ఒక మూలకు జారినప్పుడు గాలి పీలుస్తుంది. డీజిలు బళ్లకు ఇంకా కష్టం. కామన్ రైలు ఇంజన్లలో హై ప్రెషర్ పంపుకు కందెన కూడా డీజిలే, అది అందకపోతే లోహం లోహాన్ని అరగదీస్తుంది. ట్యాంకు పూర్తిగా ఎండితే పైపుల్లోకి గాలి చేరి, డీజిలు పోసినా బండి కదలదు, మెకానిక్ వచ్చి గాలి తీయాలి.

అది శ్రీవిజయపురం నడిబజారులో జరిగితే ఫర్వాలేదు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటాక జరిగితే? అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 50 కిలోమీటర్లు జరావా ఆదివాసుల రక్షిత అటవీ ప్రాంతం. కాన్వాయ్‌లో ఒకదాని వెనక ఒకటి పోవాలి, ఆపకూడదు, దిగకూడదు. బంకు సంగతి సరే, టీ కొట్టు కూడా ఉండదు. ఉండకూడదు కూడా. ఆ అడవి వాళ్లది. మన నిర్లక్ష్యం వల్ల ఒక బండి అక్కడ ఆగిపోయి, వెనకున్నవన్నీ నిలిచిపోతే ఇబ్బందిపడేది మనమొక్కరమే కాదు. ఉత్తరానికి పోయేవాళ్లు రంగత్ దాకానో మాయాబందర్ దాకానో సరిపడా పోయించుకుని బయల్దేరితేనే మర్యాద. పావు ట్యాంకుకు తగ్గకముందే బంకుకు వెళ్లాలన్నది ప్రధాన భూభాగంలో మంచి సలహా, మన దీవుల్లో అది తప్పనిసరి.

ఇక నీళ్ల విషయం. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట, ఉప్పు గాలి వీచే చోట, మాట్లాడుకోవాల్సిన అసలు సంగతి ఇదే అనుకుంటాను.

'ట్యాంకు ఖాళీగా ఉంటే గాలిలో తేమ నీరుగా మారి పెట్రోలులో కలుస్తుంది' అని అందరూ అంటారు. మాటలో నిజం ఉంది, మోతాదులో లేదు. 40 లీటర్ల ట్యాంకు మొత్తం ఖాళీగా ఉండి, లోపలి గాలి తేమతో నిండిపోయినా అందులో ఉండే నీరు గ్రాము, గ్రామున్నర. బండ్లలో మనం చూస్తున్న నీళ్లు అలా వచ్చినవి కావు. అవి మూతలోంచి, క్యాన్లలోంచి వస్తున్నాయి.

మోటార్‌సైకిల్ పెట్రోలు మూత తెరిచి చూడండి. ట్యాంకు పైభాగంతో సమంగా అమరే మూతల చుట్టూ చిన్న గాడి ఉంటుంది, గాడిలో ఒక మూల సన్నని కన్నం ఉంటుంది. మూత మీద పడ్డ వాన నీరు ఆ కన్నంలోంచి గొట్టం ద్వారా కిందికి పోవాలి. దుమ్ము, ఎండిన మట్టి, ఒక్కోసారి చీమలు పెట్టిన గూడు ఆ కన్నాన్ని మూసేస్తే నీరు గాడిలోనే నిలబడుతుంది. రబ్బరు వాషరు ఎండి చిట్లిందంటే, లేదా నిండు గాడితో మూత తెరిచామంటే ఆ నీరంతా ట్యాంకులోకే. వానాకాలంలో మా బావగారి షెడ్డులో ట్యాంకు అడుగు నుంచి తీసిన పెట్రోలును గాజు సీసాలో పోసి ఉంచుతారు. కాసేపటికి పైన పసుపు పెట్రోలు, కింద రెండు వేళ్ల మందాన నీళ్లు, ఆ నీళ్ల అడుగున ఎర్రటి తుప్పు పొడి. పెట్రోలు కంటే నీరు బరువు కాబట్టి కిందికి చేరుతుంది, పంపు లాగేదీ కిందినుంచే. ఒక గుండుసూదితో కన్నం శుభ్రం చేసి, గొట్టంలోకి గాలి ఊదితే తీరిపోయే పని ఇది. పెట్రోలు పోయించుకునే ముందు మూత గుడ్డతో తుడిచి తెరవడం, వాన కురుస్తుంటే రేకుల కింద నిలబెట్టే పోయించుకోవడం పిల్లలకు కూడా నేర్పవచ్చు.

క్యాన్ల మాట మరీ సున్నితమైనది, అయినా చెప్పాలి. ఇంధనం ప్రతి చుక్కా సముద్రం దాటే మనకు వస్తుంది. చెన్నైకైనా విశాఖకైనా అటూ ఇటుగా 1,200 కిలోమీటర్ల దూరం. ఓడ ఆలస్యమవుతుందట అన్న మాట వినబడితే చాలు, దూరపు దీవుల్లో అందరూ క్యాన్లు పట్టుకుని వరుసకడతారు. భయం సహజం. కానీ నూనె డబ్బాలు, నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు బాటిళ్లలో పెట్రోలు నిలవ పెడితే అందులో మొదట చేరేది చెత్త, తరువాత నీరు. ప్రమాదం సంగతి సరేసరి. 1934 నాటి పెట్రోలియం చట్టమే ఈ విషయంలో స్పష్టంగా ఉంది. లైసెన్సు లేకుండా సొంత వాడకానికి 30 లీటర్లకు మించి పెట్రోలు ఉంచుకోరాదు. అదైనా గాజు, పింగాణీ పాత్రయితే లీటరు లోపు, లోహపు డబ్బా అయితే 25 లీటర్ల లోపు. ప్లాస్టిక్ ప్రస్తావనే లేదు.

చేపల వేటకు పోయే మా తెలుగువాళ్లతో ఇంకొక మాట. జంగ్లీఘాట్ రేవులో డోంగీలకు, బోట్లకు డీజిలు ఎక్కేది క్యాన్లతోనే, వేరే దారి లేదు. అలాంటప్పుడు క్యాను తీసుకువచ్చిన వెంటనే పోయకండి. అరగంట కదలకుండా ఉంచండి, సన్నని జల్లెడ ఉన్న గరాటుతో పోయండి, అడుగున ఉన్న చివరి గ్లాసెడు పోయకుండా ఆపేయండి. నీళ్లుంటే అవి ఆ చివరి గ్లాసులోనే ఉంటాయి. ఫిల్టరు కింద నీళ్లు వదిలే మరను వేటకు బయల్దేరే ముందు ఒకసారి తిప్పండి. రోడ్డు మీద ఇంజను ఆగితే తోసుకుంటూ వస్తాం. నడిసముద్రంలో ఎవరు తోస్తారు?

సంచాలకులు గారూ, ఈ నీళ్ల గొడవకు ఇథనాల్ సంగతి కూడా ముడిపడి ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇథనాల్ కలిపే కార్యక్రమాన్ని దేశమంతా విస్తరించినప్పుడు అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లను మినహాయించారు. కారణం ఏదైనా, తేమ ఎక్కువున్న దీవులకు అది మేలే చేసిందని నా నమ్మకం. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు లీటరుకు దాదాపు అయిదు మిల్లీలీటర్ల నీటిని మింగి ఊరుకుంటుంది, అంతకు మించితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. అప్పుడు ఇంజనుకు పెట్రోలుకు బదులు ఆ మిశ్రమం అందుతుంది. ఆ మినహాయింపు ఎప్పటికీ ఉంటుందని అనుకోలేం. అందుకని ప్రతి బంకులోనూ, ఆ రోజు అమ్ముతున్నది ఏ మిశ్రమమో మీటరు పక్కనే పెద్ద అక్షరాలతో రాసి ఉండేలా చూడండి. ఇంజను ఏది తట్టుకుంటుందో మూత లోపలి చీటీ మీద ఉంటుంది, రెండూ పోల్చుకునే హక్కు కొనేవాడికి ఉండాలి.

మైలేజీ కొలిచే పద్ధతి కూడా ఆ మొదటి 'టక్' మీదే ఆధారపడి ఉంది. 'నా బండి యాభై ఇస్తుంది' అనేవాళ్లలో నిజంగా కొలిచినవాళ్లు తక్కువ. రెండు వందలు పోయించుకుని ఎంత తిరిగామో చూసుకుంటే వచ్చేది ఊహ. సమతలంగా ఉన్న చోట, మోటార్‌సైకిల్ అయితే సెంటర్ స్టాండు వేసి, నాజిల్ మొదటిసారి ఆగే దాకా పోయించుకుని కిలోమీటర్ల అంకె రాసుకోవాలి. ఎప్పటిలా తిరిగి, వీలైతే అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ మొదటి టక్ దాకా పోయించుకోవాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ. ఒకసారి టక్ దగ్గర ఆపి, ఇంకోసారి మెడ దాకా నింపితే లెక్క పనికిరాదు. ఇలా నాలుగైదుసార్లు రాసుకున్నవాడికి బండి ఒళ్లు ఎప్పుడు బాగాలేదో మెకానిక్ కంటే ముందే తెలుస్తుంది. మైలేజీ మెల్లగా తగ్గుతోందంటే ఎయిర్ ఫిల్టరో, బ్రేకు పట్టేయడమో, క్యానిస్టరో, ఏదో ఒకటి చెబుతోందన్నమాట.

ఊరికే బుర్ర పాడుచేసుకునేవి కొన్ని ఉన్నాయి, వాటిని వదిలేయవచ్చు. తెల్లవారుజామున పోయించుకుంటే ఎక్కువ వస్తుందంటారు. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, దాని వేడి పగలూ రాత్రీ పెద్దగా మారదు, పైగా మన దీవుల్లో పగటికీ రాత్రికీ తేడాయే తక్కువ. ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు, మామూలు పెట్రోలు కోసం చేసిన ఇంజనుకు మైలేజీ పెంచదు. సగం ట్యాంకుతో తిరిగితే బరువు తగ్గి లాభమనేవాళ్లూ ఉన్నారు. 20 లీటర్ల పెట్రోలు బరువు 15 కిలోలు. అంత కంటే డిక్కీలో పడి ఉన్న పాత సామాను బరువు ఎక్కువ.

బంకుకు వెళ్లినప్పుడు గాలి పట్టించుకోవడం మాత్రం మరవద్దు. టైర్లలో ఒక్కో పీఎస్‌ఐ తగ్గినందుకు మైలేజీ 0.2 శాతం చొప్పున తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, నెలలపాటు గాలి చూడని బండికి అది చిన్నది కాదు. గాలి ఉచితంగా పట్టడం బంకు బాధ్యత. అనుమానం వస్తే ఫిల్టరు కాగితం అడగవచ్చు. దాని మీద వేసిన పెట్రోలు చుక్క రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. కొలత మీద అనుమానముంటే అయిదు లీటర్ల ముద్ర పాత్రతో కొలిపించవచ్చు, 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండరాదు. ఈ హక్కులు ఉన్నాయని తెలిసినవాళ్లు ఎంత తక్కువమందో మీ శాఖకే బాగా తెలుసు.

మన పెట్రోలు దేశంలోకెల్లా చవక. వ్యాట్ ఒక్క శాతమే కావడం వల్ల, 2024 మార్చి ధరల తగ్గింపు తరువాత ఇక్కడ లీటరు 82 రూపాయల పైచిలుకు ఉంటే విజయవాడలో 109 దగ్గర ఉండేది. ఆ వరం చూసి 'పోనీలే, కాస్త ఒలికితే ఏం' అనే ధోరణి మనలో పెరగడం నాకు బాధగా ఉంది. ఇక్కడి ఇళ్లలో వెలిగే దీపాల్లో ఎక్కువ భాగం కూడా డీజిలు జనరేటర్ల పుణ్యమే. 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చిన చుక్కను బంకు నేల మీద ఒలకబోసుకోవడం, బొగ్గు డబ్బాలో ఇంకించుకోవడం మనకు తగదు. ఒలికినది నేల మీదే ఉండదు కూడా, మొదటి వానకే కాలువల వెంట సముద్రంలో కలుస్తుంది.

కుర్రాళ్ల మీద కోపం వద్దని కూడా మనవి. వాళ్లకు ఎవరూ నేర్పలేదు. 'రౌండు' అడిగేది సగం సార్లు మనమే. నాజిల్ ఆగిన చోట ఎంత వస్తే అంత, 437 అయితే 437, ఫోనుతో చెల్లించేవాళ్లకు చిల్లర బాధ కూడా లేదు. ఒక పూట శిక్షణ చాలు. నాజిల్ చివర కన్నం చూపించి, తడిసిన క్యానిస్టర్ ఒకటి చేతికిస్తే వాళ్లకే అర్థమవుతుంది. క్యానిస్టర్ కావాలంటే మా బావగారి షెడ్డులో ఉంది, తెచ్చి ఇస్తాను.

మే నెలలో రుతుపవనం మన దీవులనే ముందు తాకుతుంది. అంతకు ముందే ప్రతి బంకులో తెలుగుతో సహా ఆ బోర్డు పెట్టించండి, కొసరు పోయడాన్ని ఆపించండి, గాలి మిషన్లు పనిచేస్తున్నాయో లేదో మీ ఇన్‌స్పెక్టర్లతో ఒకసారి చూపించండి. అన్నలారా, తమ్ముళ్లారా, అక్కచెల్లెళ్లారా, ఆదేశం వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. రేపు బంకులో టక్ వినబడగానే 'చాలు బాబూ' అనండి.

భవదీయుడు,
శ్రీవిజయపురం వాసి ఒకరు